మీటింగుకు రాని అక్క
నడతలో తేడా ఉన్న బిడ్డల తల్లులు ఒకరికొకరు తోడైన చరిత్ర



ఏటా ఈ పుస్తకంలో పొదుపు ఎంతైంది, బ్యాంకు లింకేజి ఎంత వచ్చింది, కంతులు ఎంత వసూలైనాయి అని లెక్కలు రాసుకుంటాం. ఆ లెక్కల్లో కనపడని ఒక సంగతి ఈసారి రాయాలనుకున్నాను. ముందు మా గ్రూపులో జరిగింది చెప్తాను. పేర్లు రాయను. ఆ అక్కకు ఇది చదివి వినిపించి, ఆమె సరే అన్నాకనే ఇస్తున్నాను.

మా గ్రూపులో మీటింగుకు రాకపోతే పది రూపాయలు జరిమానా. గ్రూపు పెట్టినప్పుడు మేమే చేసుకున్న తీర్మానం అది. ఒక అక్క వరసగా ఐదు మీటింగులకు రాలేదు. ఐదుసార్లూ జరిమానా రాసినాం. పొదుపు డబ్బులు మాత్రం పక్కింటి పాపతో పంపిస్తా ఉండె. ఆరోసారి కూడా రాకపోయేసరికి, "ఆమెను తీసేసి వేరేవాళ్లను చేర్చుకుందాం" అనింది ఒకామె. సరే, ముందు అడిగి చూద్దామని లీడరూ నేనూ వాళ్లింటికి పోయినాం.

తొమ్మిదేండ్ల పిల్లోడు. మాటలు తక్కువ. కొత్త మనిషి కనిపిస్తే కేకలు పెడతాడు, తలను గోడకేసి కొట్టుకుంటాడు. తలుపు తీసి ఉంటే రోడ్డు మీదికి పరుగు. ఇంటాయన కువైట్‌లో ఉన్నాడు. అత్తకు చూపు సరిగా లేదు. ఆ అక్క మాతో అన్న మాట ఇదీ: "వాన్ని యాడ ఇడిసిపెట్టి రావాలక్కా? తోడుకొని వస్తే, పిల్లోన్ని అదుపులో పెట్టుకోలేవా అని మీరే అంటారు."

ఆ మాట మేం నిజంగానే అన్నాం. రెండేండ్ల కిందట ఒక మీటింగులో అన్నాం. మేం మర్చిపోయినాం, ఆమె మర్చిపోలేదు.

ఆ దినం నుంచి నాకు ఒకటే ఆలోచన. ఇట్లాంటి బిడ్డలు మనకు కొత్త కాదు. మరి ఇంతకుముందు వాళ్ల తల్లులు ఏం చేసినారు? ఎవరు తోడైనారు? అడిగి, చదివి తెలుసుకున్నంత వరకు మీ ముందు పెడుతున్నాను.

కొండ అవతలి పాఠం

బద్వేలు నుంచి నెల్లూరు రోడ్డు పట్టుకుని వెలిగొండలు దాటితే నెల్లూరు జిల్లా. ఆ జిల్లాలో దూబగుంట అని ఒక ఊరు. మనలో పెద్దవాళ్లకు ఆ పేరు గుర్తుండే ఉంటుంది. 1992లో అక్కడి ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగినారు. అంతవరకు మొగుడు తాగొచ్చి కొట్టడం ఎవరింటి గుట్టు వాళ్లది, ఎవరి తలరాత వాళ్లది. అక్షరాలు నేర్చుకుందామని రాత్రిబడిలో కూర్చున్నాక, మాటల్లో మాటగా అందరింటి కథా ఒకటేనని తెలిసింది. ఊరూరికీ పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. ఆ కదలికలోనుంచే రోజుకు రూపాయి దాచుకునే పొదుపు గ్రూపులు ఆ జిల్లాలో లేచినాయి. ఈరోజు మనం కూర్చునే చాపకు మూలం అక్కడుంది.

అప్పుడు బయటపడింది తాగుడు గుట్టు. బిడ్డ గుట్టు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. బిడ్డకు మాట రాకపోయినా, ఒక్కచోట కూర్చోలేకపోయినా, ఎదిగిన ఆడపిల్ల దిగులుతో తిండి మానేసినా, తల్లి ఇప్పటికీ "ఏం లేదక్కా, కొంచెం మొండి" అనే చెప్తుంది.

తాయెత్తు, గొలుసు, దూరపు ఆసుపత్రి

మన అవ్వల కాలంలో దీనికి పేర్లు లేవు. గాలి సోకింది అన్నారు, దిష్టి అన్నారు, పోయిన జన్మ పాపం అన్నారు. తాయెత్తు కట్టినారు, గుడి దగ్గర నిద్ర చేయించినారు. దేవుణ్ణి నమ్ముకోవడం తప్పని నేను చెప్పడం లేదు. ఆ తల్లికి ధైర్యం ఇచ్చేది అదొక్కటే అయ్యుండొచ్చు. కానీ బిడ్డను కట్టేయడం వేరే సంగతి.

2001 ఆగస్టు 6న తమిళనాడులో, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఏం జరిగిందో తెలుసుకోవాలి. అక్కడి దర్గాకు మనసు బాగాలేని వాళ్లను దూరాల నుంచి తోడుకొని వచ్చేవాళ్లు. వాళ్లను పెట్టుకునే పాకలు కొందరు నడిపేవాళ్లు. తెల్లవారుజామున ఒక పాకకు నిప్పంటుకుంది. లోపలున్న వాళ్లను గొలుసులతో కట్టేసి ఉండడంతో పారిపోలేకపోయినారు. 28 మంది చనిపోయినారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం, మనసు బాగాలేని మనిషిని ఏ విధంగానూ గొలుసుతో కట్టకూడదని రాసింది.

గొలుసు వేసినవాళ్లంతా రాతి గుండెవాళ్లు కాదు. కూలికి పోతే పూట గడుస్తుంది, బిడ్డను వదిలితే బావిలో పడతాడు. ఇంకో మనిషి తోడు లేని తల్లి చేతికి తాడే దొరికింది. మన పల్లెల్లో మంచం కోడుకు కట్టిన బిడ్డను చూసినవాళ్లు మీలో ఉండే ఉంటారు.

ఇక ఆసుపత్రి అంటే ఎర్రగడ్డో, విశాఖపట్నమో. 1987లో కొత్త చట్టం చేసేదాకా దేశంలో నడిచింది తెల్లవాళ్లు 1912లో రాసిన చట్టమే. దాని పేరులోనే 'పిచ్చి' అని ఉండేది. మనకు కొంచెం దగ్గరలో జరిగిన మంచి పని బళ్లారిది. 1985 ప్రాంతంలో బెంగళూరు నిమ్హాన్స్ డాక్టర్లు బళ్లారి జిల్లాలో ఒక పద్ధతి మొదలుపెట్టినారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకు, కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మనసు జబ్బులకు, మూర్ఛకు మందులు అక్కడే దొరికేటట్టు చేసినారు. దాన్ని చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం దేశంలో మొదలైంది. మందు దగ్గరికొచ్చింది కానీ, తల్లి పక్కన కూర్చునే మనిషి ఇంకా రాలేదు.

తల్లిదే తప్పు అన్న కాలం

చదువులేని మన పల్లెల్లోనే తల్లిని తప్పు పడతారని అనుకునేదాన్ని. చదివితే తెలిసింది, పెద్ద పెద్ద డాక్టర్లూ అదే పని చేసినారని.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి, ఇప్పుడు ఆటిజం అంటున్న దానికి ఆ పేరు వాడినాడు. ఆ రాతలోనే తల్లిదండ్రులు ప్రేమగా ఉండరన్నట్టు కూడా రాసినాడు. తర్వాత వచ్చినవాళ్లు ఆ మాటను పెద్దది చేసి, ఈ తల్లులు ఫ్రిజ్ మాదిరి చల్లని మనుషులు, వీళ్ల ప్రేమ చాలకనే బిడ్డలు ఇట్లయినారు అన్నారు. బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో దాన్నే పుస్తకంగా తెచ్చినాడు. ఇరవై ఏండ్లకు పైగా అక్కడి తల్లులు ఆ నింద మోసినారు.

దాన్ని దింపింది ఎవరు? తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన మనస్తత్వం చదివినవాడు, ఆయన కొడుక్కూ ఆటిజం ఉంది. తల్లి పెంపకం వల్ల ఇది రాదు, మెదడు పనిచేసే తీరులోనే తేడా అని 1964లో పుస్తకం రాసి చెప్పినాడు. మరుసటి ఏడాదే తల్లిదండ్రులు కలిసి సంఘం పెట్టుకున్నారు. లండన్‌లో అయితే 1962లోనే తల్లిదండ్రులు సంఘంగా చేరి, బిడ్డలకు బడి కూడా పెట్టుకున్నారు. వాళ్లదీ ఒకరిల్లు ఒకరు వెతుక్కుంటా కలిసిన కథే.

మన ఇండ్లలో అత్త "నీ కడుపున పుట్టినందుకే ఇట్లయింది" అంటే, ఈ కథ గుర్తుచేసుకోండి. ఆ మాట తప్పని తేలి 60 ఏండ్లయింది.

సికింద్రాబాదులో కలిసిన తల్లిదండ్రులు

మన తెలుగు గడ్డకు ఈ చరిత్రలో పెద్ద చోటే ఉంది. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం జాతీయ సంస్థ పెట్టినారు. బిడ్డలను చూపించడానికి అన్ని రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లు. వరండాల్లో కూర్చున్న తల్లులు మాట్లాడుకునేవాళ్లు. తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తేనే ఇంటి దగ్గర బిడ్డ నేర్చుకుంటాడని సంస్థవాళ్లకూ అర్థమైంది. తల్లిదండ్రుల సమావేశాలు పెట్టించినారు, ఊళ్లలో సంఘాలు పెట్టుకోమన్నారు. ఆ సంఘాలన్నీ కలిసి 1995లో 'పరివార్' అనే జాతీయ సమాఖ్య అయినాయి. గ్రూపులు కలిసి గ్రామ సంఘం, గ్రామ సంఘాలు కలిసి మండల సమాఖ్య అయినట్టే అదీ. ఢిల్లీలో ఆటిజం ఉన్న బిడ్డ తల్లి మెర్రీ బరువా 1991లో మొదలుపెట్టిన సంస్థ కూడా అదే కాలానిది.

అప్పుడు వాళ్లందరి నోటా ఒకటే ప్రశ్న: "మా తర్వాత మా బిడ్డను ఎవరు చూస్తారు?" 1995లో వికలాంగుల చట్టం వచ్చింది కానీ, అందులో ఆటిజం పేరు లేదు. 1999లో జాతీయ ట్రస్టు చట్టం వచ్చింది. ఆటిజం, మెదడు పక్షవాతం, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు, 18 ఏండ్లు నిండినాక కూడా సంరక్షకులను పెట్టుకునే దారి ఆ చట్టంతో వచ్చింది. దానికి జిల్లాలో కలెక్టరు నడిపే కమిటీ ఉంటుంది. 2016 చట్టంలో వైకల్యాలు 21 అయినాయి. ఆటిజం, చదువులో ఇబ్బంది, మనసు జబ్బు కూడా అందులో ఉన్నాయి. 6 నుంచి 18 ఏండ్ల వరకు ఊరి బడిలోనే ఉచితంగా చదువుకునే హక్కు ఉంది.

ఒక్కో చట్టం వెనకా ఆఫీసుల చుట్టూ తిరిగిన తల్లులూ తండ్రులూ ఉన్నారు.

వెలుగు వచ్చినాక

మన రాయలసీమలో అనంతపురం జిల్లాలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ, పల్లెల్లో వికలాంగుల సంఘాలు పెట్టించింది. 2000లో వెలుగు మొదట ఆరు జిల్లాల్లో వచ్చి, తర్వాత మన కడప జిల్లాకూ వచ్చింది. పేరు ఎన్నిసార్లు మారినా మనకు ఇప్పటికీ అది వెలుగు ఆఫీసే. పొదుపుతో పాటు వికలాంగుల సంఘాలు, మండల వికలాంగుల సమాఖ్యలు కూడా వెలుగు పనిలో భాగమైనాయి. 2010 ప్రాంతంలో సదరం క్యాంపులు వచ్చినాయి. అంతకుముందు ఒక్క సర్టిఫికెట్టు కోసం ఎన్నిసార్లు జిల్లా ఆసుపత్రికి తిరగాలో ఎవరికీ తెలిసేది కాదు. బడుల తరఫున మండలాల్లో భవిత కేంద్రాలు వచ్చినాయి.

ఇవన్నీ మంచివే. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. కాలు లేదని, చూపు లేదని కంటికి కనిపించే బిడ్డ సంఘంలోకి వచ్చింది. చూడ్డానికి బాగుండి, నడతలో తేడా ఉన్న బిడ్డ రాలేదు. ఆ బిడ్డను అల్లరి అన్నారు, తల్లిని చేతగానిది అన్నారు. బడిలో అయ్యవారు "వీన్ని రేపట్నుంచి పంపొద్దు" అంటే, తల్లి తల వంచుకుని తోడుకొచ్చింది. అడిగే హక్కు తనకుందని చెప్పేవాళ్లు పక్కన లేరు.

ఇట్లాంటి పిల్లలు ఎక్కడో ఒకరని అనుకోవద్దు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, 13 నుంచి 17 ఏండ్ల పిల్లల్లో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉందని తేలింది. దిగులు, భయం కూడా అందులోకే వస్తాయి. ఒక గ్రామ సంఘం కింద ఎన్ని ఇండ్లున్నాయో మీరే లెక్కేసుకోండి.

తోడుపోవడమే ఒక పని

ఇంక ఒక్క సంగతి బయటి దేశానిది చెప్తాను, ఎందుకంటే మనం చేయగలిగిన పని అందులో ఉంది. 1982లో అమెరికాలో జేన్ నిట్జర్ అనే ఆమె ఒక నివేదిక రాసింది. మనసుకు తీవ్రమైన కష్టం ఉన్న పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి కావలసిన సాయం అందడం లేదని చెప్పింది. ఆ పిల్లలను ఎవరూ మావాళ్లు అనడం లేదని ఆ నివేదిక పేరులోనే ఉంది. బడి ఆసుపత్రి మీదికి, ఆసుపత్రి కోర్టు మీదికి నెట్టేది. రెండేండ్లకు, 1984లో ప్రభుత్వం ఈ పిల్లల కోసం ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. 1989లో తల్లిదండ్రులు తమ సొంత సమాఖ్య పెట్టుకున్నారు. ఆ తర్వాత ఒక కొత్త పని పుట్టింది. బిడ్డను పెంచి, ఆ దారంతా నడిచిన తల్లికే శిక్షణ ఇచ్చి, కొత్తగా ఆ కష్టంలో పడిన తల్లికి తోడు పంపడం. కొన్నిచోట్ల దానికి జీతం కూడా ఇస్తున్నారు.

ఆమె డాక్టరు కాదు, మందు చెప్పదు. బడిలో మీటింగుకు తల్లితో పాటు పోయి పక్కన కూర్చుంటుంది. తల్లి మాట తడబడితే, "ఆమె అడిగేది ఇదీ" అని చెప్తుంది. కాగితాలు ఏ ఆఫీసులో ఇవ్వాలో తనకు తెలుసు, ఎందుకంటే తానూ అక్కడ నిలబడింది. అన్నిటికన్నా ముందు, "నాకూ ఇట్లనే అయింది" అనే మాట ఆమె అనగలదు. ఆ మాట డాక్టరు నోట రాదు.

నేను దీనికి 'తోడు అక్క' అని పేరు పెట్టుకున్నాను. మీరు ఇంకేదైనా పెట్టుకోండి.

మన చాప మీద ఏం చేయొచ్చు

కొత్త స్కీము రావాలని ఎదురుచూడాల్సిన పని లేదు. మనకు పంచసూత్రాలు ఉన్నాయి. మీటింగు ఉంది, పుస్తకం ఉంది, ఒకరి కష్టానికి పదిమంది సంతకం పెట్టే అలవాటు ఉంది.

ఒకటి, మీటింగుకు రాని సభ్యురాలికి జరిమానా రాసే ముందు ఒకరు ఇంటికి పోయి అడగాలి. బిడ్డ వల్ల రాలేకపోతే జరిమానా వద్దని గ్రూపులోనే తీర్మానం రాసుకోవచ్చు.

రెండు, గ్రామ సంఘంలో ఇట్లాంటి బిడ్డను పెంచిన పెద్ద తల్లి ఉంటే, కొత్త తల్లికి ఆమెను కలపాలి. ఊర్లో లేకపోతే పక్క ఊర్లో వెతకాలి. ఒక తల్లి చెప్పిన ఇంటి గుట్టు మీటింగులో మాట్లాడకూడదు, పుస్తకంలో ఎక్కకూడదు. ఈ ఒక్క కట్టుబాటు తప్పితే మళ్లీ ఎవరూ నోరు తెరవరు.

మూడు, ఆసుపత్రికి, సదరానికి, బడికి పోయేటప్పుడు తల్లిని ఒంటరిగా పంపొద్దు. కడపకు పోయి రావాలంటే ఒక దినం కూలి పోతుంది. బిడ్డ బస్సులో కేకలు పెడితే అందరూ తిరిగి చూస్తారు. ఒకరు బిడ్డను పట్టుకుంటే ఇంకొకరు చీటీ రాయించుకుంటారు. గ్రూపు నిధిలోనుంచి చార్జీలు ఇవ్వడం మీ తీర్మానం.

నాలుగు, ఏం అడగాలో తెలిసుండాలి. సదరంలో 40 శాతం పైన వస్తే పింఛను ఉంది, 2024 జులై నుంచి నెలకు 6,000 రూపాయలు. జాతీయ ట్రస్టు కింద నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం. బడికి రాలేని బిడ్డకు ఇంటి దగ్గరే చదువు చెప్పించమని భవిత కేంద్రంలో అడగొచ్చు. మనసు బాగాలేనప్పుడు తల్లయినా, బిడ్డయినా 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు. మందు విషయం డాక్టరుకే వదలాలి. మొత్తం నయం చేస్తామని వేలు అడిగేవాళ్ల దగ్గరికి పోయే ముందు గ్రూపులో ఒక మాట చెప్పమనండి. లింకేజి అప్పు తెచ్చి అట్ల పోగొట్టుకున్న ఇండ్లు నాకు తెలుసు.

చివరిగా మా అక్క సంగతి. పిల్లోనికి నయమైందని రాయలేను, ఇది జ్వరం మాదిరి తగ్గేది కాదు. సర్టిఫికెట్టు వచ్చింది. రెండో తూరి పోతేనే వచ్చింది. మొదటి తూరి ఆమె ఒక్కతే పోయింది, రెండో తూరి పక్క ఊరి తల్లి ఒకామె తోడుపోయింది. ఆ తల్లి కొడుక్కు ఇప్పుడు ఇరవై రెండేండ్లు. ఇద్దరూ బస్సులో ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు, మేం అడగలేదు.

జరిమానా యాభై రూపాయలు పుస్తకంలో ఎక్కింది, దాన్ని కొట్టేయడం లేదు. ఎందుకు రాసినామో మాకు గుర్తుండాలని అట్లనే ఉంచినాం. మీటింగు మాత్రం ఇప్పుడు వాళ్ల వసారాలోనే పెట్టుకుంటున్నాం. మొదటి రెండుసార్లు పిల్లోడు లోపలి గదిలోనుంచి రాలేదు. మూడోసారి వచ్చి, పొదుపు డబ్బుల్లో రూపాయి బిళ్లలన్నీ ఒక వరసలో పేర్చినాడు. లెక్క పెట్టుకోవడం మాకూ సులువైంది.